వెంకట్ తలమీది మూత

చెన్నబసప్పది మొగుడంపల్లి మండలం. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు, జహీరాబాద్ బజారుకు పోతే ఉర్దూ. మూడు భాషల్లోనూ తక్కువే మాట్లాడే మనిషి. తండ్రి అల్లం వేసేవాడు. ఒక వానాకాలం దుంపకుళ్లు తగిలి చేనంతా పసుపెక్కి ఒరిగిపోయింది. ఆ ఏడే చెన్నబసప్ప సైన్యంలో చేరడానికి ఫౌజు భర్తీకి వెళ్లి, పరుగులో నెగ్గి వచ్చాడు. తల్లి పార్వతమ్మకు అది నచ్చలేదు.

"చీమను తొక్కితె బాధపడెటోనివి. ఫౌజుల ఏం చేస్తవు బిడ్డా?" అంది.

"ట్రాక్టర్ నడుపుత కదా అవ్వా. అక్కడ గూడ ఏదో బండి ఇస్తరు" అన్నాడు.

బండి ఇవ్వలేదు, ఫిరంగి ఇచ్చారు. ట్యాంకుల రెజిమెంటులో అతన్ని గన్నర్‌ను చేశారు. ట్యాంకులో నలుగురు ఉంటారు. ముందు భాగంలో, కుడి పక్కన, ఒక్కడే పడుకున్నట్టుగా కూర్చుని నడిపేవాడు డ్రైవర్. మిగతా ముగ్గురూ పైన గుండ్రంగా తిరిగే టరెట్‌లో ఉంటారు. ఆజ్ఞలిచ్చే కమాండర్, గుండు అందించే లోడర్, గురిపెట్టి కాల్చే గన్నర్. టరెట్ ఎటు తిరిగితే ఫిరంగి గొట్టం అటు తిరుగుతుంది.

చెన్నబసప్ప రెజిమెంటుకు అప్పట్లో ఒక ప్రత్యేకమైన పని అప్పగించారు. మనవాళ్లే గీసి, మనవాళ్లే తయారుచేసిన ట్యాంకును ఎడారిలో పరీక్షించడం. ఎండాకాలం వస్తే చాలు, హైదరాబాద్ నుంచీ చెన్నై నుంచీ ఇంజనీర్లు పెట్టెలూ తీగలూ పట్టుకుని దిగేవారు. ఇనుము మీద చెయ్యి వేస్తే అంటుకునే వేడి. మధ్యాహ్నమయ్యేసరికి గురి చూసే తెర ఆరిపోయేది. ఇంజను ఇసుక మింగి దగ్గేది. ఇంజనీర్లు విప్పేవారు, బిగించేవారు, మళ్లీ నడపమనేవారు. పక్కనే విదేశం నుంచి కొన్న ట్యాంకును నిలబెట్టి రెండింటినీ పోల్చేవారు. మన ట్యాంకు ఆగిపోయినప్పుడల్లా గుడారాల్లోంచి ఎవరో ఒకరు నవ్వేవారు. ఆ నవ్వు వింటే చెన్నబసప్పకు, తండ్రి అల్లం కుళ్లినప్పుడు బజారులో నవ్వినవాళ్లు గుర్తొచ్చేవారు.

వెంకట్ అక్కడికే డ్రైవర్‌గా వచ్చాడు. మొదటి రోజే మూత తెరుచుకుని లోపలికి దిగుతూ, "ఏందిర బై ఈ కుంపటి! మా నాయన షెడ్డుల కొలిమి నయం" అన్నాడు. ఆ మాట విని చెన్నబసప్ప గిరుక్కున తిరిగాడు.

"ఏ ఊరు తమ్మీ నీది?"

"చిరాగ్‌పల్లి అన్నా. బొంబాయి రోడ్డు మీద మా నాయనకు లారీలు బాగుచేసే షెడ్డు ఉంటది."

అంత దూరపు ఇసుకలో పొరుగూరివాడు దొరికాడు. ఇక విడిపోలేదు. ఇద్దరూ సెలవులకు ఒకే రైలెక్కేవారు. చెన్నబసప్ప పెళ్లికి వెంకట్ షామియానా కట్టాడు. వెంకట్ జ్యోతిని పెళ్లాడినప్పుడు చెన్నబసప్ప భార్య పూజిత పెళ్లికూతురి పక్కనే ఉండి చీర కుచ్చిళ్లు సర్దింది. వెంకట్ ఆ ట్యాంకుకు 'దున్న' అని పేరు పెట్టాడు. లేవమంటే లేవదు, లేచిందంటే ఆగదు అని. ఏళ్లు గడిచేకొద్దీ దున్న నిజంగానే ఆగకుండా నడిచింది. గురి చూసే తెర ఎండకు తట్టుకుంది. ఒక పరీక్షలో కొన్న ట్యాంకు కంటే మన ట్యాంకు ఎక్కువ గుండ్లు గురిమీద వేసింది. గుడారాల్లో నవ్వు ఆగింది.

ఒక్క సంగతి మాత్రం మిగిలిపోయింది. డ్రైవర్ తలమీద బరువైన మూత ఉంటుంది. టరెట్ కాస్త కుడికి తిరిగి ఆగితే గొట్టం సరిగ్గా ఆ మూత పైకి వచ్చి, మూతను లేవనివ్వదు. అప్పుడు టరెట్ తిప్పితే తప్ప డ్రైవర్ బయటికి రాలేడు. వెంకటే ఒకసారి ఆ మాట ఇంజనీరు స్నిగ్ధతో అన్నాడు. ఆమెది సంగారెడ్డి దగ్గర. మాట దాచుకునే మనిషి కాదు.

"నాకు తెలుసు వెంకట్. మూత పక్కకు జరిగేలా చెయ్యాలి. అంటే ముందు భాగం మొత్తం మార్చాలి. ఇప్పుడు మార్చమని రాస్తే మళ్లీ అన్ని పరీక్షలూ మొదటినుంచి. ఈసారి ఈ ట్యాంకునే వద్దంటారేమోనని భయం" అంది.

వెంకట్ చేతులు తుడుచుకుంటూ, "అయితె జానెదియ్, పోనియ్యున్రి మేడం. దున్నను ఆపకున్రి. కరెంటు పోతె చెయ్యితోని తిప్పే పిడి ఉన్నది కదా, మా అన్న తిప్పుతడు" అన్నాడు.

అక్కడున్న వాళ్లందరూ ఊపిరి పీల్చుకున్నారు. చెన్నబసప్ప కూడా.

*

ఆ వేసవి సరిహద్దు భగ్గుమంది. రెజిమెంటును కాలువ గట్టు దాకా తీసుకెళ్లారు. గట్టుకు అవతల కాలువ, కాలువ దాటితే ఇసుక దిబ్బలు, వాటి వెనక శత్రువు. రెండు వైపుల నుంచీ ఫిరంగులు మోగుతున్నాయి. దున్నకు కమాండరు ఒక రాజస్థానీ రిసాల్దారు, లోడరు ఒక పంజాబీ జవాను. ఎండ నడినెత్తికి వచ్చింది. గట్టు చాటు నుంచి దున్న మెల్లగా తల ఎత్తింది.

"కుడికి. దిబ్బ పక్కన బండి" అన్నాడు రిసాల్దారు.

చెన్నబసప్ప టరెట్ కుడికి తిప్పాడు. తెరమీద శత్రువు బండి నిలిచింది. కాల్చాడు. దున్న ఒళ్లంతా అదిరింది. దిబ్బ పక్కన నల్లటి పొగ లేచింది. రేడియోలో ఒకేసారి పదిమంది అరిచారు. ఇన్నేళ్లూ ఇసుకలో చెక్క బొమ్మల మీద కాల్చిన ట్యాంకు మొదటిసారి యుద్ధంలో కాల్చింది, తగిలింది. ముందు నుంచి వెంకట్ కేక వినిపించింది.

"కొట్టింది అన్నా! దున్న కొట్టింది!"

"వెనక్కి! చోటు మార్చు!" అన్నాడు రిసాల్దారు. వెంకట్ వెనక్కి తీశాడు. అంతలో వాళ్ల వెనక శత్రువు గుండు పడింది. నీళ్లు తాగి మెత్తబడిన గట్టు ఆ అదురుకు ఒక్కసారిగా విచ్చుకుపోయింది. లారీలెన్నో కలిసినంత బరువున్న దున్న ముక్కు ముందుకు వాలి, ముందున్న కాలువలోకి జారింది. లోపల అందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. ఇంజను ఆగింది. దీపాలు ఆరిపోయాయి.

ఆ నిశ్శబ్దంలో నీళ్ల చప్పుడు.

"వెంకట్!"

"ఉన్న అన్నా. మూత వస్తలేదు."

గొట్టం ఇంకా కుడివైపే ఉంది. ఆ మూత మీదే ఉంది. అక్కడికి దాన్ని తిప్పింది చెన్నబసప్ప చెయ్యే. డ్రైవర్ వెనక నుంచి టరెట్‌లోకి పాకే దారి, టరెట్ వేరే కోణంలో ఉంటేనే తెరుచుకుంటుంది. ఇప్పుడు అక్కడ జానెడు సందు తప్ప ఏమీ లేదు. 

చెన్నబసప్ప చీకట్లో తడిమి, చేత్తో తిప్పే పిడి పట్టుకున్నాడు. చదునైన నేల మీద ఆ పిడితో టరెట్‌ను ఎన్నోసార్లు తిప్పాడు. ఇప్పుడు దున్న ముక్కు కిందికి వాలి ఉంది. గొట్టం బరువంతా కిందికి లాగుతోంది. దాన్ని పక్కకు తిప్పడమంటే కొండ మీదికి ఎత్తడమే. పిడి కదల్లేదు. లోడరు కూడా చెయ్యి వేశాడు. ఇద్దరూ ఒళ్లంతా వేసి తోస్తే కిర్రుమని కొంచెం కదిలింది.

రిసాల్దారు పైమూత తెరుచుకుని బయటికి దూకాడు. మెడలోతు నీళ్లలో నిలబడి గొట్టాన్ని భుజంతో నెట్టసాగాడు. అవతల గుండ్లు పడుతూనే ఉన్నాయి.

"అన్నా, నీళ్లు కడుపు దాక వచ్చినయ్."

"తిప్పుతున్న తమ్మీ. వస్తున్నది. కదులుతున్నది."

"జల్ది అన్నా, జర."

చెన్నబసప్ప అరచేతులు చిట్లాయి. పిడి రక్తంతో జారింది. చొక్కా చింపి చుట్టుకున్నాడు. ఒకరు అలిసిపోతే ఒకరు పట్టుకున్నారు. లోడరు పట్టుకున్నప్పుడు చెన్నబసప్ప ఆ జానెడు సందులోకి చెయ్యి పెట్టాడు. అవతల నుంచి వెంకట్ వేళ్లు అందాయి. చల్లగా ఉన్నాయి. గట్టిగా పట్టుకున్నాయి.

"నన్ను ఇడ్సిపెట్టకు అన్నా."

"ఇడువ. నీ అన్నను ఉన్న."

కానీ తిప్పాలంటే ఆ వేళ్లు వదలాలి. లోడరు చేతులు పనిచెయ్యడం మానేశాయి. చెన్నబసప్ప వెంకట్ వేళ్లను ఒక్కొక్కటే విడిపించుకుని మళ్లీ పిడి మీద పడ్డాడు. వెంకట్ ఏడవడం వినిపించింది. చిన్న పిల్లాడిలా, గొంతు దాచుకోకుండా. ట్యాంకు ఇంకాస్త కిందికి జారింది. నీళ్లు వెంకట్ గడ్డానికి వచ్చినట్టు అతని మాటను బట్టి తెలిసింది.

"అన్నా... జ్యోతికి చెప్పకు, నేను ఏడ్సిన అని."

"నువ్వే చెప్పుకుంటవ్! ముక్కు పైకి పెట్టు! వెంకట్, ముక్కు పైకి!"

తర్వాత మాటలు రాలేదు. లోపల నుంచి మూతను కొట్టే చప్పుడు వచ్చింది. చెన్నబసప్ప అరుస్తూ తిప్పాడు, బసవన్నను పిలుస్తూ తిప్పాడు, తిడుతూ తిప్పాడు. కొట్టే చప్పుడు ఆగింది. అతను ఆగలేదు. పైనుంచి రిసాల్దారు "వచ్చింది, వచ్చింది!" అని అరిచేదాకా తిప్పుతూనే ఉన్నాడు.

గొట్టం మూత మీది నుంచి తొలగింది. రిసాల్దారు మునిగి మూత లేపాడు. వెంకట్‌ను గట్టు మీదికి లాగారు. లోడరు రొమ్ము మీద ఒత్తాడు, నోట్లోకి ఊదాడు. చెన్నబసప్ప పక్కన కూర్చుని వెంకట్ బూట్లు విప్పాడు. ఎందుకు విప్పుతున్నాడో అతనికే తెలియదు. బూట్లలోంచి నీళ్లు కారాయి. వెంకట్ లేవలేదు.

*

చిరాగ్‌పల్లి దగ్గర బొంబాయి రోడ్డు మీద లారీలు ఆగిపోయాయి. జాతీయ జెండా కప్పిన పెట్టెతో సైన్యం బండి వచ్చింది. జహీరాబాద్ నుంచి ట్రాక్టర్ల ఫ్యాక్టరీ కార్మికులు, బడిపిల్లలు, చెరకు బండ్లవాళ్లు వచ్చారు. ఫోన్లలో టీవీ వార్తలు మోగుతున్నాయి. మన ట్యాంకు మొదటి దెబ్బకే శత్రువు బండిని పేల్చిందని చెబుతున్నారు. కొందరు చెన్నబసప్పను భుజాల మీదికి ఎత్తుకోబోయారు. రెండు చేతులకూ కట్లున్న ఆ మనిషి వాళ్ల మధ్య నుంచి నేల చూస్తూ నడిచిపోయాడు.

మట్టి వేసిన మర్నాడు జ్యోతి అతన్ని పిలిపించింది. షెడ్డు వెనక గదిలో చాప మీద కూర్చుని ఉంది.

"అన్నా, మీ ఫౌజు పెద్ద సార్ వచ్చి పోయిండు. మా ఆయననే బండిని గట్టు అంచుకు తెచ్చిండట, అందుకే పడ్డదట. ఆయన తప్పేనా?"

చెన్నబసప్ప ఒక్కసారిగా అరిచాడు. "ఎవడన్నడు? వెనక్కి తియ్యమంటె తీసిండు. గుండు పడి గట్టు కూలింది. మేం ముగ్గురం బతికినం. వాడు గూడ బతకాలె. మూత రాలేదు చెల్లే. మూత ఒక్కటి వస్తె బతికెటోడు."

ఆమె చాప అంచు పుల్లను పీకుతూ అడిగింది.

"ఏడ్సిండా?"

అతను తల తిప్పుకున్నాడు.  ఆమె మళ్లీ అడగలేదు. లేచి అతనికి మంచినీళ్లు తెచ్చి, గ్లాసు పట్టుకోలేడని తానే నోటికి అందించింది.

విచారణ రెజిమెంటు కేంద్రంలో జరిగింది. చెన్నబసప్ప జరిగింది చెప్పాడు. రిసాల్దారూ అదే చెప్పాడు. విచారణ జరుపుతున్న అధికారి చెడ్డవాడేమీ కాదు. కానీ పరీక్షల్లో పిడితో టరెట్ తిప్పి డ్రైవర్‌ను బయటికి తీశారని, అది తాను కళ్లారా చూశానని, గట్టు మీద బండి నిలిపిన తీరే అసలు కారణమని అన్నాడు.

"అది సమంగ ఉన్న నేల మీద సాబ్" అన్నాడు చెన్నబసప్ప. "బండి ముక్కు కిందికి పెట్టి చూడున్రి. నేను కూసుంట డ్రైవర్ సీట్ల. నన్ను తియ్యున్రి."

గది చివర కూర్చున్న స్నిగ్ధ లేచి నిలబడింది. "ఈ పరీక్ష మేం చెయ్యలేదు సార్. చెయ్యాల్సింది" అంది. 

డ్రైవర్ సీట్లో అతనే కూర్చుంటాడని ఫోన్లో విని పూజిత ఏడ్చింది. "నువ్వే ఎందుకు కూసోవాలె? ఇంకెవర్ని అన్న కూసోబెట్టుమను. నీకు బిడ్డ లేదా?"

"ఇంకెవడో ఎందుకు కూసోవాలె?" అన్నాడు. అంతకంటే చెప్పలేకపోయాడు.

ఇసుకలో వాలుగా గొయ్యి తవ్వి, వేరొక ట్యాంకును ముక్కు కిందికి దించారు. నీళ్లు లేవు, గుండ్లు లేవు. పగటి వెలుతురు. చుట్టూ డాక్టరు, అధికారులు, ఇంజనీర్లు. ఆపమనాలనిపిస్తే లోపల నుంచి సుత్తితో కొట్టమన్నారు. చెన్నబసప్ప వెంకట్ కూర్చునే చోట ఒరిగి కూర్చున్నాడు. మూత మూసుకుంది. పైన గొట్టం వచ్చి నిలిచిన నీడ గాజు సందులోంచి కనబడింది. ఇంజను ఆపేశారు.

టరెట్‌లో ఇద్దరు బలమైన జవాన్లు పిడి తిప్పడం మొదలుపెట్టారు. కిర్రు. ఆగింది. కిర్రు. ఆగింది. చెన్నబసప్పకు మొదట చెమట పట్టింది. తర్వాత ముఖానికి ఆనుకుని ఉన్న ఇనుము దగ్గరికి జరుగుతున్నట్టు అనిపించింది. పొడి నేల మీద ఉన్నాడు, అయినా కాళ్ల దగ్గర చల్లగా తగిలింది. ఊపిరి అందలేదు. సుత్తి తీసుకుని కొట్టాడు. పైన అందరూ ఉలిక్కిపడ్డారు.

"ఆపండి! బయటికి తియ్యండి!" అన్నాడు అధికారి.

అప్పుడు తెలిసింది అందరికీ. బయటికి తియ్యాలన్నా ఆ పిడే తిప్పాలి. ఇంజను నడిపే మీటలు లోపలి మనిషి దగ్గరే ఉన్నాయి, వేరే దారి లేదు. చెన్నబసప్ప కొడుతూనే ఉన్నాడు. స్నిగ్ధ ట్యాంకు మీదికి ఎక్కి, మూత మీద రెండు చేతులూ ఆనించి, "వస్తున్నారు చెన్నబసప్ప గారూ, వస్తున్నారు" అని అరుస్తూ ఉండిపోయింది. కొట్టే చప్పుడు సన్నగిల్లింది. అధికారి తానే టరెట్‌లోకి దూకి పిడి పట్టుకున్నాడు.

మూత లేచినప్పుడు చెన్నబసప్ప ప్యాంటు తడిసి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఎవరినీ గుర్తుపట్టలేదు. డాక్టరు చెంపల మీద తట్టాక, "వెంకట్ ఏడి?" అని అడిగాడు.

అధికారి టోపీ తీసి చేత్తో పట్టుకుని ఇసుకలోనే కూర్చుండిపోయాడు. డ్రైవర్ తప్పు లేదని ఆ వారంలోనే తేల్చారు. కొత్తగా తయారయ్యే ట్యాంకులకు మూత పక్కకు జరిగేలా మార్చాలని నిర్ణయించారు. దవాఖానలో పడుకున్న చెన్నబసప్పకు ఆ సంగతి చెప్పడానికి స్నిగ్ధ వచ్చింది.

"మరి ఇప్పుడు బార్డర్ల ఉన్న బండ్లు మేడం?"

"వాటికి... ఒక్కొక్కటిగా మార్చాలి. సమయం పడుతుంది. అప్పటిదాకా గొట్టం ఆ చోట నిలపకూడదని ఆజ్ఞ ఇచ్చారు."

"యుద్ధంల శత్రువు ఎటు దిక్కు ఉంటె గొట్టం అటే తిరగాలె కదా మేడం."

 స్నిగ్ధ మంచం పట్టీ మీది నుంచి చెయ్యి తీసి, లేచి వెళ్లిపోయింది.

అరచేతుల్లో నరాలు తెగడంతో అతని వేళ్లు పూర్తిగా ముడుచుకోలేదు. గన్నర్‌గా పనికిరాడని ఇంటికి పంపారు. మొగుడంపల్లిలో అల్లం తవ్వే రోజుల్లో చేనుకు పోయేవాడు. గడ్డపార పట్టుకుంటే జారిపోయేది. కూలీలు చూడనట్టు నటించేవారు. ఎక్కడ సరిహద్దులో అలజడి అని వార్త వచ్చినా అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. ఇంకా మార్చని బండ్లలో ఎవరు కూర్చున్నారో, ఆ పేర్లన్నీ అతనికి తెలుసు. పూజిత బతిమాలితే పడుకునేవాడు, ముఖం మీద దుప్పటి మాత్రం కప్పుకునేవాడు కాదు.

తర్వాతి ఏడు చలికాలంలో స్నిగ్ధ ఫోన్ చేసింది. కొత్త మూత పెట్టిన మొదటి ట్యాంకు రెజిమెంటుకు చేరుతోందని, జ్యోతిని తీసుకుని రమ్మనీ. చెన్నబసప్ప వద్దనుకున్నాడు. జ్యోతే పట్టుబట్టింది.

"చూస్త అన్నా. ఆయన రోజూ ఎక్కడ కూసునెటోడో ఒక్కసారి చూస్త."

అక్కడ బ్యాండు వాయించారు. పూలదండలు వేశారు. అంతా అయ్యాక జ్యోతి ట్యాంకు దగ్గరికి నడిచి, ఎక్కుతానంది. అధికారులు ఒకరినొకరు చూసుకున్నారు. స్నిగ్ధ చెయ్యి అందించింది. జ్యోతి చీర కొంగు నడుముకు చుట్టి, డ్రైవర్ సీటులోకి దిగి, వెనక్కి ఒరిగింది. స్నిగ్ధ చూపించిన పిడిని లాగి తానే మూత మూసుకుంది. పైన కూర్చున్న జవాను టరెట్‌ను కుడికి తిప్పాడు. గొట్టం వచ్చి మూత పైన నిలిచింది.

చెన్నబసప్ప పరుగెత్తాడు. "తియ్యున్రి! చెల్లెను తియ్యున్రి!" అంటూ గొలుసు చక్రాల మీదికి ఎగబాకి, ముడుచుకోని వేళ్లతో మూతను పట్టుకోబోయాడు. లోపల నుంచి ఏ చప్పుడూ లేదు. స్నిగ్ధ అతని భుజం పట్టుకుంది.

అంతలో లోపలి నుంచే మూత పక్కకు జరిగింది. గొట్టం కిందనుంచే జ్యోతి తల బయటికి వచ్చింది. ఆమె మూత అంచును పట్టుకుని వెనక్కి జరిపింది. మళ్లీ ముందుకు. మళ్లీ వెనక్కి. ఒంటి చేత్తో.

"గింత అల్కగ వస్తదా అన్నా?" అంది. "గింతేనా?"

మట్టి వేసిన రోజున కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. సగం లోపల, సగం బయట, గొట్టం కింద తల వంచుకుని గట్టిగా ఏడ్చింది. బ్యాండువాళ్లు వాయిద్యాలు దించారు. చెన్నబసప్ప ఇనుము మీద మోకాళ్లూని కూర్చుని, ఆమె తలను రెండు అరచేతుల మధ్య పట్టుకున్నాడు.

"ఏడ్సిండు చెల్లే" అన్నాడు. "నీ పేరు చెప్పుకుంట ఏడ్సిండు."